సన్మానం శాలువా మార్చండి: శ్రీకాకుళం జిల్లాలో సభలు జరిపించే పెద్దలకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లాలో ఉత్సవాలు, కాలేజీ వార్షికోత్సవాలు, రిటైర్మెంట్ ఫంక్షన్లు, చేనేత ఫ్యాషన్ షోలు జరిపించే కమిటీల పెద్దలందరికీ నమస్కారం.

నేను శ్రీకాకుళం టౌన్‌లో చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. బ్లౌజులు, డ్రెస్సులు, ఫాల్, పీకో, ఆల్టరేషన్లు నా పని. సభల్లో మాట్లాడే అలవాటు లేదు గానీ, సభల్లో వాడే ఒక వస్తువుతో మాత్రం నాకు బాగా పరిచయం. అదే శాలువా. మెరూన్ రంగో ఆకుపచ్చో, అంచున బంగారు రంగు జరీ, మడత పెట్టి ప్లాస్టిక్ కవర్లో వచ్చే శాలువా. వేదిక మీద కప్పి, ఫొటో తీయించుకున్నాక దాని సంగతి మీరు మర్చిపోతారు. అక్కడి నుంచి దాని బాగోగులు చూడాల్సింది మాలాంటి టైలర్లే. ఆ శాలువా మానేసి, మన జిల్లాలో వడికి నేసిన నూలు బట్ట కప్పండని అడగడానికే ఈ ఉత్తరం. వినడానికి చిన్న కోరికే. ఉగాది పురస్కారాల నుంచి క్రిస్మస్ దాకా మన దగ్గర ఎన్ని సన్మానాలు జరుగుతాయో ఒక్కసారి తలుచుకుంటే అంత చిన్నదేం కాదని మీకే తెలుస్తుంది.

మా వీధిలో ఒక హెడ్మాస్టరు గారు రిటైరయ్యారు. ఊళ్లో మంచి పేరున్న మనిషి. స్కూల్లో ఒక సన్మానం, పాత విద్యార్థులది ఒకటి, యూనియన్ వాళ్లది ఒకటి, కుల సంఘం వాళ్లది ఇంకొకటి. అన్నీ అయ్యాక వాళ్లావిడ పెద్ద సంచి నిండా శాలువాలు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించారు. "వీటితో ఏదైనా చెయ్యమ్మా, బీరువా తలుపు పడట్లేదు" అన్నారు. ఏం చేస్తాను? కుషన్ కవర్లు కుడదామంటే సూది దిగిన చోటల్లా దారం పీకుతుంది. జరీ అనుకున్నది సన్నటి ప్లాస్టిక్ రేకు, కత్తెర పడగానే పోగులు పోగులుగా ఊడొస్తుంది. ఇస్త్రీ పెట్టె కాస్త వేడెక్కిందంటే బట్ట ముడుచుకుపోతుంది. లైనింగ్‌కి వేద్దామంటే చెమట పీల్చదు. మన ఊరి ఉక్కపోతలో దాన్ని ఒంటి మీద వేసుకునేవాళ్లెవరు? చలికాలంలో కప్పుకుందామన్నా వెచ్చదనం లేదు. ఆఖరికి పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ కూడా వాటిని వేలితో తడిమి చూసి పక్కన పెట్టేసింది. మిగిలిన దారి ఒకటే. వాటిని మడత నలగకుండా దాచి, ఇంకెవరి సన్మానంలోనో కప్పడం. ఇది చాలా ఇళ్లలో గుట్టుగా జరిగే పనే. మీ కమిటీల్లోనూ జరుగుతుందని నా అనుమానం.

తిరిగి తిరిగి ఎప్పటికో చెత్తబండి ఎక్కుతుంది. పాలిస్టర్ పెట్రోలియంతో చేసే సరుకు, మట్టిలో పడితే నూలులాగా కుళ్లదు. కాలిస్తే కరిగి ముద్దవుతుంది, ఆ కంపు పీల్చినవాళ్లకి తెలుసు. పర్యావరణం గురించి గంటసేపు మాట్లాడిన వక్తకి ఆఖర్న దీన్నే కప్పుతారు. ఆయనా చేతులు జోడించి పుచ్చుకుంటారు.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకుందును. కానీ ఒక కార్యక్రమంలో చూసింది మాత్రం మనసులోంచి పోలేదు. ఎవరు చేశారో, ఎక్కడో చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. చేనేత ఫ్యాషన్ షో. వేదికకి ఒక పక్కన పొందూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడని రాట్నంతో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లు ఆవిడ పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకోవడానికన్నమాట. పక్కనే అంతెత్తు పెడెస్టల్ ఫ్యాను. సన్న నూలు వడికేటప్పుడు గాలి తగలకూడదు, ఏకు, అంటే వడకడానికి చుట్టుకున్న దూది, నిలవదు, పోగు తెగిపోతుంది. "ఆ ఫేను కట్టీండి బాబూ, ఏకు నిలవట్నేదు" అని ఆవిడ అడుగుతూనే ఉంది. ముందు వరసలో పెద్దవాళ్లకి ఉక్కపోస్తుందని ఎవరూ కట్టలేదు. ఆవిడ ఒట్టి రాట్నం తిప్పుతూ కూర్చుంది. చూసేవాళ్లకి తేడా తెలియలేదు. చివర్లో ఆవిడని వేదిక మీదకి పిలిచి, ముఖ్య అతిథి చేత శాలువా కప్పించారు. మెరూన్ రంగుది. పాలిస్టర్‌ది.

నూరో కౌంటు నూలు, అంటే చాలా సన్నటి నూలు తీసే చేతుల మనిషికి, చేనేత పేరు మీద జరిగిన సభలో, మిషన్ మీద ముద్దలు ముద్దలుగా దిగే ప్లాస్టిక్ దారం కప్పాం. చప్పట్లు కూడా కొట్టాం. కిందికి దిగాక ఆవిడ దాని కొస పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. నేను పక్కనే ఉన్నాను. "ఇది నూలు కాదేటమ్మా" అంది. అడిగినట్టు కాదు, తెలిసే అంది.

ఆవిడ వేళ్లకి తెలిసిన సంగతేంటో కాస్త వివరంగా చెప్పుకోవాలి. పొందూరు ఖాదీ అని అందరం అంటాం. అక్కినేని నాగేశ్వరరావు గారి పంచెకట్టు గుర్తొస్తుంది, రాజకీయ నాయకుల తెల్ల చొక్కాలు గుర్తొస్తాయి. మన జిల్లాదని గొప్పగా చెప్పుకుంటాం. కానీ అది తయారయ్యే తీరు జిల్లా కేంద్రంలో ఉన్నవాళ్లలోనే చాలామంది చూసి ఉండరు. టౌన్ నుంచి గంటలోపు ప్రయాణం.

కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి అని ఇక్కడి వర్షాధారపు పత్తి రకాలున్నాయి. గింజ తీయకముందే ఆ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దవడకున్న సన్నటి పళ్ల మధ్య నుంచి పోగులు లాగుతుంటే నలుసులు, పొట్టి పోగులు పోయి, మిగతావి ఒకే వైపుకి సాపుగా వస్తాయి. ఆ దవడలు గోదావరి వైపు నుంచి, రాజమండ్రి ప్రాంతం నుంచి తెప్పించుకుంటారు. తర్వాత చెక్క మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీయడం, చిన్న విల్లుతో దూది ఏకడం, ఏకులు చుట్టడం. చుట్టిన ఏకు నలగకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని, అక్కడి నుంచి పోగు తీస్తూ ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. ఇందులో ఎక్కడా కరెంటు లేదు. దాదాపు అంతా ఆడవాళ్ల పని. మగ్గం దగ్గరికి చేరేసరికే సగం కథ అయిపోతుంది, కానీ పేరు మాత్రం మగ్గానికే వస్తుంది.

ఇక కౌంటు సంగతి. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు కట్టలు) ఎన్ని ఉంటే అన్ని కౌంట్లు. 100 కౌంటు అంటే పౌనుకి 84,000 గజాలు. కిలోకి లెక్కేస్తే ఇంచుమించు 169 కిలోమీటర్ల పోగు. శ్రీకాకుళంలో ఒక కొస పట్టుకుని హైవే మీద బయల్దేరితే విశాఖ దాటి, అనకాపల్లి కూడా దాటాక గానీ ఆ కిలో నూలు అయిపోదు. అదంతా ఒక మనిషి కూర్చుని చేత్తో తీసింది. 1921లో గాంధీజీ ఈ ఖాదీ సంగతేమిటో చూసి రమ్మని కొడుకు దేవదాస్ గాంధీని పొందూరు పంపారంటే ఊరికే పంపలేదు. 1949లో అక్కడ ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. దాని భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారు. ఇంత చరిత్ర ఉన్నా, వడికేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ. చిలపకి ఇంత అని లెక్కగట్టే కూలితో ఇల్లు గడవదని కూతుళ్లు, కోడళ్లు ఆ రాట్నం ముట్టుకోవడం లేదు. ఒక్క ఉపన్యాసంతో మారే సంగతి కాదిది. నిలకడగా ఆర్డర్లు ఉంటే, అదీ ముందుగా తెలిసిన ఆర్డర్లు ఉంటే, కొంత మారొచ్చు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఏ నెలలో ఏ సభ ఉంటుందో మీ దగ్గర ఏడాది క్యాలెండర్ ఉంది. రథసప్తమి ఎప్పుడో తెలుసు. ఉగాది ఎప్పుడో తెలుసు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవమని 2015 నుంచీ తెలుసు, 1905 స్వదేశీ ఉద్యమం గుర్తుగా ఆ తేదీ పెట్టారని వేదిక మీద చెప్పేదీ మీరే. ఆగస్టు 15, సెప్టెంబర్ 5 ఎక్కడికీ పోవు. ఏ ఉద్యోగి ఏ నెలాఖరున రిటైరవుతారో సర్వీసు రిజిస్టరులో ఉంటుంది. ఇన్ని తేదీలు ముందే తెలిసినా శాలువాలు మాత్రం సభకి ముందు రోజు సాయంత్రం ఒక కుర్రాడికి బైకిచ్చి బజారుకి పంపి తెప్పిస్తారు. చేత్తో చేసే బట్ట అలా రాదు. ఉగాదికి కావాలంటే దసరా దాటగానే చెప్పాలి, కొంత అడ్వాన్సు ఇవ్వాలి. బట్ట ఖరీదు కంటే ఈ ముందుచూపే మన కమిటీలకి కష్టమని నా అభిప్రాయం. డబ్బు చందాల్లో ఎలాగోలా వస్తుంది.

ఖరీదు మాట కూడా దాచనక్కర్లేదు. బజారు శాలువా ధరకి సన్న ఖాదీ రాదు. ఎవరైనా వస్తుందన్నారంటే అది ఖాదీ కాదు. కానీ సన్మానానికి నూరో కౌంటు పంచె ఎవరడిగారు? కాస్త తక్కువ కౌంటులో కండువా చాలు. అదీ బరువనిపిస్తే మగ్గం మీద నేసిన మంచి నూలు తువ్వాలు కప్పండి. రెండూ మనిషి వాడుకునేవే. భుజాన వేసుకోవచ్చు, పూజకి కట్టుకోవచ్చు, ఎండలో తలకి చుట్టుకోవచ్చు, పాతబడ్డాక మనవడి ఉయ్యాల్లో పరచొచ్చు. ఖర్చు తగ్గించడానికి ఇంకో దారి ఉంది, చెబితే కోపం తెచ్చుకోకండి. సన్మానాలు తగ్గించండి. వేదిక మీద ఉన్నవాళ్లందరూ ఒకరికొకరు కప్పుకోవడం, చందా ఇచ్చినవాళ్లకి, మైకు సెట్టు ఓనరుకి, వాళ్ల బావమరిదికి కూడా కప్పడం, ఇదంతా అయ్యేసరికి అసలు సత్కారం జరగాల్సిన మనిషి వంతు వస్తుంది, అప్పటికి హాలు ఖాళీ అవుతుంది. పది మందికి కప్పే డబ్బుతో ఇద్దరికి మంచి బట్ట కప్పితే ఆ ఇద్దరికీ మర్యాద, జనానికి పుణ్యం.

తెల్ల కండువా ఫొటోలో కనబడదని ఒక కమిటీ మెంబరు నాతోనే అన్నారు. ఆయన తెల్ల చొక్కా వేసుకుని ఆ మాట అన్నారు. కనబడకపోతే అంచు రంగుది నేయించుకోండి, లేదంటే కొసల్లో ఒక జాందానీ బుటా, అంటే మగ్గం మీదే నేసేటప్పుడు చేత్తో వేసే పువ్వు, వేయించండి. పొందూరులో ఆ పని తెలిసిన నేతగాళ్లున్నారు. ఎర్రపత్తి నూలైతే రంగు అద్దకుండానే లేత గోధుమ రంగులో ఉంటుంది, ఫొటోకి చాలా బావుంటుంది. అంచు రంగు దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. మన రాష్ట్రంలో కండువా అనగానే ఏ పార్టీదని చూస్తారు. పసుపు వేస్తే ఒకరికి, నీలం, ఆకుపచ్చ వేస్తే ఇంకొకరికి అనుమానం. ఇటిక రంగు, కాఫీ రంగు లాంటివి ఎంచుకుంటే ఎవరికీ టెన్షన్ ఉండదు. దాని మీద మీ సంస్థ పేరు, లోగో, తేదీ మాత్రం ప్రింటు కొట్టించకండి. అలా చేస్తే అది మళ్లీ బీరువాకే.

మన ప్రాంతంలో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదా అంటే, సగం జరిగింది. జ్ఞాపికల విషయంలో పెద్దలు ఎప్పుడో దారి చూపించారు. పక్క జిల్లా విజయనగరంలో బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. ఆ పనివాళ్లే చేసే చిట్టి వీణలని అతిథులకి ఇవ్వడం చాలా ఏళ్ల నుంచి ఉంది. పెద్ద వీణకి రోజూ గిరాకీ ఉండదు కదా, ఈ చిన్న వీణలు ఆ పనివాళ్లకి ఒక ఆధారం. మన జిల్లాలోనే సారవకోట మండలం బుడితిలో కంచు, ఇత్తడి సామాను చేస్తారు. బొబ్బిలి వీణకీ, బుడితి లోహపు పనికీ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చేతిలో పెట్టేది ఊరి వస్తువు కావాలని తోచినప్పుడు, భుజం మీద వేసేది ఎక్కడి నుంచో రావాలని ఎందుకనుకుంటున్నామో నాకు అర్థం కాదు.

ఇప్పుడు ఫ్యాషన్ షోలు జరిపించేవాళ్లకి విడిగా నాలుగు మాటలు. మీరు మానేయాలని కాదు. పిల్లలు ముస్తాబై హుషారుగా నడుస్తుంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ బయటి నుంచి డిజైనర్ వస్తారు, బట్టలు అరువుకి తెస్తారు, షో అవగానే మూటగట్టి తీసుకెళ్తారు. ఊళ్లో ఒక్కరికి ఒక్క ఆర్డర్ రాదు. యాంకర్ చదివేది డిజైనర్ పేరు, మేకప్ స్పాన్సర్ పేరు. వడికినవాళ్లు, నేసినవాళ్లు, కుట్టినవాళ్లు లేకుండానే బట్ట నడిచొచ్చేసిందా? కనీసం నేసిన ఊరు, కుట్టిన మనిషి పేరు చదవండి. రెండు నిమిషాల పని.

ఊళ్లో చేతులు లేక కాదు. చీర కుచ్చులు ముడివేసే ఆడవాళ్లు మా వీధిలోనే నలుగురైదుగురున్నారు. వంటయ్యాక మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని, కాలి బొటనవేలికి దారం బిగించి, కళ్లు మూసుకుని కూడా ముడులు వేయగలరు. మీ కండువాల కొసలు వాళ్లకి ఇస్తే ముక్కకి ఇంత అని కూలి దొరుకుతుంది. మగ్గం వర్క్, అంటే బట్టని చట్రానికి బిగించి చేత్తో కుట్టే ఎంబ్రాయిడరీ, చేసే కుర్రాళ్లున్నారు, పెళ్లిళ్ల సీజన్ తప్పితే ఖాళీ. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసే ఆర్టిస్టులకి పని పోయింది. ఆ చేతివ్రాత ఇంకా చచ్చిపోలేదు. చేనేత సభకి వెనకాల ఫ్లెక్సీ కట్టడం కంటే, కోరా బట్ట మీద వాళ్ల చేత రాయించి కట్టండి. సభ అయ్యాక ఆ బట్ట నాకివ్వండి, ఉతికి సంచులు కుడతాను. ఫ్లెక్సీతో అయితే ఎవరి పశువుల పాకకో కప్పు వేసుకోవడం తప్ప ఇంకేం చేయలేం.

ఇందాక చెప్పిన హెడ్మాస్టరు గారి మనవరాలు ఫ్యాషన్ డిజైనింగ్ డిప్లొమా చదువుతోంది. తాతగారి శాలువాల్లో నాలుగైదు నా దగ్గర నుంచి తిరిగి తీసుకెళ్లింది. జారిపోయే గుడ్డని పాత నూలు చీర ముక్కల మీద పెట్టి, వరసగా టాకాలు వేసి, బొంత కుట్టినట్టు కుట్టి, పైన వేసుకునే పొట్టి కోటు తయారు చేసింది. ఒంటికి తగిలేది నూలు, పైకి కనబడేది జరీ. అంచులు ఊడకుండా ఓవర్‌లాక్ నా దగ్గరే చేయించుకుంది. నేను ఇన్నేళ్లుగా చేతకాదని పక్కన పెట్టిన సరుకుతో ఆ పిల్ల చేసింది చూసి నిజంగా కుళ్లుకున్నాను. అలాంటి పిల్లలకి మీ షోలో ఒక విభాగం పెట్టండి, ఇంట్లో ఉన్న పాత బట్టతో కొత్తది కుట్టాలని. నడిచేవాళ్లు కూడా బొమ్మల్లాంటి అమ్మాయిలే కానక్కర్లేదు. అంగన్‌వాడీ టీచరు, బస్ కండక్టరు, నర్సమ్మ నడవనీయండి. రోజంతా నిలబడి పనిచేసే ఒంటికి ఖాదీ ఎలా కుట్టాలో అప్పుడు తెలుస్తుంది. చంకల కింద ఎంత వదులుండాలి, జేబు ఎక్కడ పెట్టాలి, కట్ చేసే ముందు బట్ట తడిపి ఆరబెట్టకపోతే ఎంత కుంచించుకుపోతుంది, ఇవన్నీ ఇక్కడి టైలర్లకి తెలిసిన సంగతులు. మగవాళ్ల చొక్కా, పంచె, ఆడవాళ్ల చీర దాటి ఖాదీ మన ఆడపిల్లల ఒంటి మీదకి రావాలంటే మంచి జేబున్న కుర్తా ఒకటి చాలు. నా మాట నమ్మండి, జేబు ఉందనగానే డ్రెస్సు కొనేసే అమ్మాయిలని రోజూ చూస్తున్నాను.

ఒక హెచ్చరిక కూడా. ఈ మధ్య సవర గిరిజనుల గోడ బొమ్మలని కుర్తాల మీద, స్టేజి వెనక తెరల మీద ప్రింటు కొట్టించడం మొదలైంది. వాళ్లుండే సీతంపేట ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉందిగానీ, ఆ బొమ్మలు మనవని అందరం చెప్పుకుంటూనే ఉన్నాం. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మలు వాళ్లకి అలంకారం కాదు, పూజలో భాగం. వేసినవాళ్లని అడక్కుండా, వాళ్లకి పైసా ఇవ్వకుండా నెట్‌లోంచి దించేసుకుని ప్రింటు కొట్టడాన్ని స్థానిక కళని ప్రోత్సహించడం అనకండి. అడిగి, వాళ్ల చేతే వేయించి, డబ్బిచ్చి వాడుకోండి. వద్దన్న బొమ్మని వదిలేయండి.

మీరు శాలువా మార్చగానే ఇంకోటి జరుగుతుంది, ఇప్పుడే చెబుతున్నాను. పొందూరు అని పేరు పెట్టి పవర్‌లూమ్ సరుకు అంటగడతారు. ఇప్పటికే అంటగడుతున్నారు. 1956 ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ చట్టం ప్రకారం నూలు చేత్తో వడికి ఉండాలి, బట్ట చేనేత మగ్గం మీద నేసి ఉండాలి. రెండూ ఉంటేనే ఖాదీ. మిల్లు నూలుతో మగ్గం మీద నేసింది చేనేత, అదీ మంచిదే, కానీ ఖాదీ కాదు. యాంకర్లు రెండింటినీ కలిపి 'చేనేత ఖాదీ' అని చదివేస్తుంటారు. బట్టని వెలుతురుకి ఎత్తి చూడండి. చేతి వడుకులో పోగు అక్కడక్కడా సన్నబడి, లావెక్కి ఉంటుంది. మరీ నున్నగా, గీత గీసినట్టు ఉంటే అడగండి. అనుమానమైతే బజారులో కాకుండా నేరుగా పొందూరు సంఘం దగ్గర, ఖాదీ మార్కు ఉన్న దుకాణాల్లో కొనండి, బిల్లు తీసుకోండి.

రాట్నం ప్రదర్శన పెట్టాలనుకుంటే పెట్టండి. కానీ ఆ రోజు ఆవిడకి వడుకు కూలి పోతుంది. రోజు కూలి, ఆటో ఖర్చు, భోజనం చేతిలో పెట్టండి, కవర్లో కాదు, లెక్కలో రాసి. ఫ్యాను లేని మూల, కాళ్లు చాపుకునే చోటు చూపించండి. పక్కనే ఒక కుర్చీ వేసి ఇష్టమున్నవాళ్లని కూర్చోబెట్టి ఒక పోగు తీయమనండి. పది సార్లు తెగాక ధర ఎక్కువ అనే మాట ఎవరి నోటా రాదు.

ఈ ఉత్తరం చదివి ఏదైనా ఒక కమిటీ ముందుకొస్తే చాలు. పెద్ద ఉత్సవం అక్కర్లేదు, ఒక స్కూల్లో వచ్చే సెప్టెంబర్ 5కి ఇద్దరు టీచర్లకి చేసే సన్మానంతో మొదలుపెట్టండి. ఆర్డర్ ఇప్పుడే ఇవ్వండి. కండువాల అంచులు మడిచి కుట్టడం, కుచ్చుల పని పంచడం నేను చూసుకుంటాను. ఉచితంగా మాత్రం కాదు. స్థానిక కళాకారులు కదా, ప్రేమతో చేసిపెడతారులే అనుకునే అలవాటు మీకు ఉంది, దానికి నేను ఒప్పుకోను. నా రేటు, కుచ్చులు వేసేవాళ్ల రేటు కాగితం మీద రాసి పంపుతాను, బేరం ఆడండి, కానీ సభ అయిన మర్నాడే డబ్బు ఇచ్చేయండి.

ఇట్లు,
శ్రీకాకుళం టౌన్‌లో బట్టలు కుట్టుకునే ఒక టైలరమ్మ